ఎర్రనీళ్ల పళ్లెం

నేను ఒక ఇత్తడి పళ్లాన్ని. కంచరి నన్ను సాగగొడుతున్నప్పుడు, ఎవరికో కడుపునిండా అన్నం పెడతాననుకున్నాను. మంగతాయారు గారి పుట్టింటివారు నన్ను సారెలో పెట్టి కోనసీమ పంపడంతో తాంబూలాల పళ్లాన్నయ్యాను.

మనుషులు వంకాయ కొన్నా పుచ్చు చూసి కొంటారు. పెళ్లికి మాత్రం గోత్రం, నక్షత్రం చూసి ఊరుకుంటారు. మంగతాయారు గారు కూతురు లలితను తమ్ముడి కొడుకు శేషగిరికి ఇచ్చినప్పుడు అవి కూడా చూడలేదు. "మన రక్తవే కదరా, చూసేదేవుంది?" అన్నారు. ఆకూ వక్కా నాలో పెట్టి తమ్ముడి చేతికి అందించారు. నేను తళతళా మెరిశాను. ఆ మెరుపు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వాళ్లకు మొదట సుచరిత పుట్టింది, చలాకీగా పెరిగింది. తర్వాత కిట్టు పుట్టాడు. ఏడాది తిరక్కుండానే పిల్లాడు పాలిపోయాడు, పాలు తాగుతూనే సోలిపోయేవాడు. దిష్టి తగిలిందన్నారు మంగతాయారు గారు. పసుపునీళ్లలో సున్నం కలిపి, ఎర్రబడిన ఆ నీళ్లు నాలో పోసి, వాడి చుట్టూ తిప్పి వీధిలో పారబోసేవారు. అలా ఎన్ని ఆదివారాలో. ఎరుపంతా నాలో ఉంది, వాడి ఒంట్లో లేదు. నోరుంటే ఆస్పత్రికి తీసుకెళ్లమని అరిచేదాన్ని.

తీరా తీసుకెళ్లాక తలసీమియా అన్నారు, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బట. తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉన్న లోపం వాడిలో కలిసిందట. మన రక్తమని మురిసిన ఇంట్లో పిల్లాడు నెలనెలా ఎక్కించే పరాయివాళ్ల రక్తంతో బతుకుతున్నాడు.

అయినా మంగతాయారు గారు దాన్ని తలరాత అనే అనుకున్నారు. సుచరిత ఇంటర్‌లో చేరగానే నన్ను మళ్లీ చింతపండుతో తోమించారు. కొడుకు భాస్కరం గారి అబ్బాయి వంశీతో మాట ఖాయం చేసుకుంటే, చదువులయ్యాక పెళ్లి చేయొచ్చని ఆవిడ ఆలోచన. అదే వారం సుచరిత కాలేజీలో ఎవరో డాక్టరమ్మ ఈ జబ్బు గురించి మాట్లాడి వెళ్లింది.

"అమ్మమ్మా, ఆ పళ్లెం పక్కన పెట్టు. ముందు నాకూ బావకీ రక్త పరీక్ష చేయించాలి."

"నీకేవైందే? గుండ్రాయిలా ఉన్నావు."

"అమ్మా నాన్నా కూడా గుండ్రాయిల్లాగే ఉన్నారు కదా. లోపం మోసేవాళ్లకి పైకేం తెలీదంట. ఇద్దరికీ ఉంటే కాన్పు కాన్పుకీ బిడ్డకి నాలుగోవంతు ప్రమాదవంట. బయటి సంబంధవైనా పరీక్ష చేయించుకోవాలి, సొంతంలో అయితే మరీను."

వంశీ సూదికి చెయ్యి చాపాడు. ఫలితం వచ్చింది. ఇద్దరిలోనూ ఉంది.

ఆ సాయంత్రం మంగతాయారు గారు నన్ను పాత ఇత్తడి కొనేవాడి తట్టలో వేయబోయారు. "నా చేత్తోనే తాంబూలాలిచ్చాను. నా చేత్తోనే ఆడికి దిష్టి తీశాను" అంటూ గుమ్మంలోనే కూలబడ్డారు.

సుచరిత నన్ను తీసుకుంది. "పళ్లెం ఏం చేసింది అమ్మమ్మా? డాక్టర్లని ముందే అడగాల్సింది మనం. అడగలేదు."

ఆవిడ చాలాసేపు ఏడ్చి, లేచి, నాలో అన్నం కలిపి కిట్టు ముందు పెట్టారు. ఎంగిలైన పళ్లెం ఇక తాంబూలాలకు పనికిరాదు. తెలిసే పెట్టారు.

అలా నా పుట్టినప్పటి కోరిక తీరింది. రక్తం ఎక్కించుకొచ్చిన కొత్తలో వాడు మారు పెట్టించుకుంటాడు. రోజులు గడిచి ఆ రక్తం తరిగేకొద్దీ ముద్దలు మిగిలిపోతాయి. నన్ను అందరూ క్షమించారు. ఇవాళ నాలో సగం అన్నం అలాగే ఉంది.