గోడ మీద రెండు జాబితాలు

"ఇంకాస్త బిగించు. పోయినేడు వంతెన దాటేసరికే ఎడమ చెవి దగ్గర ముడి జారిపోయింది," అంది రెమే, పెదవుల మధ్య రెండు పిన్నులు పట్టుకుని.

ఓర్లా బిగించింది. అత్తగారి తలలో అది ముప్పై ఆరో పిన్ను. పొద్దున్నించి అవే చేతులు కూతురు లాయా జడల్ని చుట్టలు చుట్టి మూడు ముళ్ళు వేశాయి, ఇత్తడి దువ్వెనలు గుచ్చాయి, లోపలి పావడాలు రెండింటికీ గంజి పెట్టి ఇస్త్రీ చేశాయి, భర్త నెలో తెల్ల మేజోళ్ళలో మడమ దగ్గర పడ్డ చిరుగు కుట్టాయి. ఓర్లా ఇంకా తన తల దువ్వుకోలేదు. గడియారం రెండున్నర దాటింది. నాలుగున్నరకి పండగ సంఘం గది ముందు ఊరేగింపు వరసలో నిలబడాలి. కింద వీధిలో పిల్లలు టపాసులు విసురుతుంటే కిటికీ అద్దాలు చిన్నగా వణుకుతున్నాయి. ఈ ఊళ్ళో మార్చి నెలంతా ఇంతే. తొలి రెండేళ్ళూ ప్రతి చప్పుడికీ ఉలిక్కిపడేది. తర్వాత చెవులు అలవాటు పడ్డాయి. చెవులే కాదు, చాలా అలవాటు పడ్డాయి.

"ఆ పిన్నేంటి?" అంది రెమే అద్దంలోంచి. బల్ల మీద ఓర్లా తన కోసం తీసి పెట్టుకున్న వెండి పిన్ను ఉంది.

"మా అమ్మది, అత్తయ్యా. పైట మీద పెట్టుకుందామని."

"ఈ బట్టల మీద వెండి పెట్టరమ్మా. బంగారమే పెడతారు. మీకు తెలీదులే," అంది రెమే. కసిరినట్టు కాదు, చిన్నపిల్లకి చెప్పినట్టు. పదకొండేళ్ళుగా ఆ గొంతే. కుందేలు మాంసం మీరు ఇలా కొయ్యరులే. మీ దేశంలో ఎండ ఉండదుగా, నీకు తెలీదులే. ఒక్క ఏడాది ఇంగ్లీషు పాఠాలు చెప్పి వెళ్ళిపోదామని ఐర్లండ్ నుంచి వలెన్సియా వచ్చిన పిల్ల నెలోని చేసుకుని ఉండిపోతే, ఆ ఉండిపోవటం వీళ్ళందరికీ పొడిగించిన సెలవులాగే కనిపిస్తుంది. చుట్టానికి పెత్తనం ఉండదు. కానీ చుట్టం చేత అంట్లు తోమించరు కదా అని ఓర్లాకి ఎప్పుడో ఒకసారి అనిపిస్తుంది, సింకు దగ్గర, చేతులు మోచేతుల దాకా నురగలో ఉన్నప్పుడు.

ఈ ఊరి పండగలో ప్రతి పేటకీ ఒక సంఘం, సంఘానికో గది, గదికో వంటిల్లు ఉంటాయి. మొన్న వీధిలో కట్టెల పొయ్యిల మీద పాయేయా అనే అన్నం వండే పోటీ పెడితే నెలోకి రెండో బహుమతి వచ్చింది. అతను గరిటె పైకెత్తి ఫోటో దిగాడు. చిక్కుళ్ళు ఒలిచింది, కుందేళ్ళు ముక్కలు కొట్టింది, ఉప్పు సరిపోలేదని చెవిలో చెప్పింది, చివర్న అడుగంటిన పెద్ద పెనాన్ని తోమింది ఓర్లా. "మా ఆవిడకి వంట రాదు, అందుకే నేను నేర్చుకున్నా," అన్నాడతను అందరి ముందూ. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వు తర్వాత రెండు రోజులు దవడ దగ్గర నొప్పిగా ఉండిపోయింది.

ఇవన్నీ సరే. ఇవాళ్టి సంగతి వేరు. ఇవాళా రేపూ సంఘాలన్నీ బాజాలతో ఊరి నడుమకి నడుస్తాయి. చౌకులో ఇళ్ళంత ఎత్తున మేరీమాత కొయ్య చట్రం ఉంటుంది. ఆడవాళ్ళు తీసుకెళ్ళిన కార్నేషన్ పూలతోనే ఆ తల్లికి వస్త్రం తయారవుతుంది. చౌకులో అడుగు పెట్టేసరికి ఎంత గట్టి మనిషైనా ఏడుస్తుంది. పోయినేడు రెమే కూడా ఏడ్చింది, చనిపోయిన మొగుడి పేరు పైకే తలుచుకుని. ఓర్లా అది చూసింది, ఇనుప కంచె ఇవతల నుంచి. చేతిలో సంచి, సంచిలో లాయా మెత్తటి చెప్పులు, నీళ్ళ సీసా, విడి పిన్నులు, అత్తగారి బీపీ మాత్ర. ఏటా ఆమె నడక పేవ్‌మెంట్ మీద, ఊరేగింపుకి పక్కగా, ఎదురొచ్చే జనానికి దారి ఇస్తూ.

పోయిన ఆగస్టులో ఐర్లండ్‌లోని స్లైగోలో అమ్మ పోయింది. వారం రోజులకే ఓర్లా తిరిగొచ్చేసింది. బడి తెరుస్తారు, లాయా పుస్తకాలకి అట్టలు వెయ్యాలి, రెమేకి కంటి ఆపరేషన్. ఏడవటానికి తీరిక దొరకలేదనటం కూడా అబద్ధమే. చోటు దొరకలేదు. ఈ ఊళ్ళో అమ్మ పేరు తెలిసినవాళ్ళు లేరు. అక్టోబర్లో ఒకరోజు నెలో ముందు కూర్చుని, "ఈసారి నా పేరు కూడా ఇవ్వు. అమ్మ కోసం నడుస్తాను," అంది. అలా ఏదన్నా అడగటం ఆమెకి అదే మొదటిసారి. సంఘం కమిటీలో ఉండేది అతనే కాబట్టి ఇంటిల్లిపాది పేర్లూ ఇచ్చేది అతనే. "దానికేం భాగ్యం, ఇస్తాలే," అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఆ చలికాలం ఆదివారం రాత్రులన్నీ కూర్చుని ముదురాకుపచ్చ పట్టుతో తన బట్టలు తనే కుట్టుకుంది. ఇవాళ, మార్చి పదిహేడు, అమ్మవాళ్ళ ఊళ్ళో కూడా పండగే. ఆ రోజు పొద్దున్నే అమ్మ ఆమె కాలర్‌కి మూడాకుల రెమ్మ గుచ్చేది. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ గుర్తు రాలేదు.

మెట్లు దిగేటప్పుడు అడిగింది, "నెలో, నా పేరు ఇచ్చావు కదా?"

"అబ్బా, ఎన్నిసార్లు అడుగుతావు. అన్నీ చూసుకున్నాలే, పద పద." అతను ఆమె వైపు చూడలేదు. నడుముకి పట్టీ సర్దుకుంటూ రెండేసి మెట్లు దిగిపోయాడు. ఓర్లా అక్కడే ఒక్క క్షణం నిలబడింది. లంగా రెండు చేతులా ఎత్తిపట్టుకుని దిగింది.

సంఘం గది ముందు బాజావాళ్ళు సన్నాయిలు సవరించుకుంటున్నారు. పేర్లు చూసే ఇన్మా అట్ట మీద కాగితాలు పెట్టుకుని, ఒక్కో పేరూ పిలిచి ఒక్కో పూలగుత్తి ఇస్తోంది. తడి బకెట్లలో ఎర్ర గుత్తులు లెక్కగా ఉన్నాయి. రెమే పేరు పిలిచింది. లాయా పేరు పిలిచింది. బకెట్లు ఖాళీ అవుతున్నాయి. రెండు గుత్తులు మిగిలాయి. ఒకటి బేకరీ అమ్మాయికి ఇచ్చింది. మిగిలినదాన్ని ఇన్మా తన చంకలోనే పెట్టుకుంది.

"ఇన్మా, నాది?"

ఇన్మా తలెత్తి, ఆమెని పైనుంచి కిందికి చూసి, "అమ్మో, ఎంత బాగున్నావే! ఎవరు కుట్టారు?" అంది. తర్వాత కాగితం చూసింది. మళ్ళీ చూసింది. "నీ పేరు లేదు కదే."

"అక్టోబర్లోనే ఇచ్చాం."

"ఇవ్వలేదే. నేను జనవరిలో మళ్ళీ అడిగాను కూడా. ఓర్లా కూడానా అని. రాదు, దానికి ఇలాంటివి ఇష్టం ఉండవు, వంట సంగతి చూసుకుంటుంది అన్నాడు మీ ఆయన. పూలు లెక్క కట్టి చెప్పేశాం మరి. చౌకు ప్రవేశం దగ్గర తలలు లెక్కపెడతారు, నా చేతిలో ఏముందే?" ఇన్మా గొంతు తగ్గింది. "నిజంగా అడిగానే. ఒట్టు."

ఓర్లా భర్త వైపు చూసింది. నెలో వచ్చాడు, ముఖం మీద అందరికీ చూపించే నవ్వుతో. దగ్గరికి వచ్చాక పళ్ళ మధ్య నుంచి మాట్లాడాడు.

"ఇప్పుడు గొడవ పెట్టకు, అందరూ చూస్తున్నారు. నూట ఇరవై మంది తిరిగొచ్చేసరికి చాక్లెట్ కాచి, గారెలు వేసి ఉంచాలి. నువ్వు లేకపోతే ఎవరు చేస్తారు? నీ మీద నమ్మకంతోనే కదా. వచ్చే ఏడాది మొదటి పేరు నీదే పెట్టిస్తా."

"ఆదివారాలన్నీ నీ ముందే కూర్చుని కుట్టాను."

"లాయాకి అనుకున్నా."

లాయాకి తొమ్మిదేళ్ళు. లంగా ఓర్లా నడుము దగ్గర్నుంచి పాదాల దాకా ఉంది.

"ఏంటర్రా ఆలస్యం?" అంటూ రెమే వచ్చింది. విషయం అర్థం చేసుకోవటానికి ఆమెకి పెద్దగా సమయం పట్టలేదు. "సరేలే, దానికేముంది. ఎప్పట్లాగే పక్కన నడు. ఆ బట్టల్లో ఫోటోలు కూడా బాగా వస్తాయి. ఇదిగో, సంచి." సంచి ఓర్లా మోచేతికి తగిలించింది. మెత్తటి చెప్పులు, నీళ్ళ సీసా, మాత్ర. బరువు కూడా తెలిసినదే, ఒక్క గ్రాము తేడా లేదు. పండగ తలుచుకుంటే తన శరీరానికి గుర్తొచ్చేది ఈ బరువే. పూల వాసన కాదు, బాజా కాదు.

లాయా వరసలోంచి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, నువ్వు నా పక్కన నడుస్తానన్నావుగా?"

"నా పేరు లేదమ్మా."

"ఎవరు మర్చిపోయారు?"

నెలో నోరు తెరిచాడు. ఓర్లా కూతురి చెవి దగ్గర వదులైన పిన్నుని లోపలికి నొక్కింది. "ఎవరూ మర్చిపోలేదు," అంది.

ఆ మాట పైకి వచ్చాక ఆమెకే వినిపించింది. మర్చిపోవటం అయితే క్షమించవచ్చు. మర్చిపోతారని సిద్ధపడే పదకొండేళ్ళు బతికింది. ఇది గుర్తుంచుకుని చేసిన పని. ఎవరో అడిగితే, తన ఇష్టాయిష్టాలు తన తరఫున ఒక మనిషి చెప్పేశాడు, ఎంత సులువుగా చెప్పాడంటే అతనికి ఆ సాయంత్రం ఇంటికొచ్చాక చెప్పాలని కూడా అనిపించలేదు.

"అమ్మా, నాది తీసుకో," అని లాయా పూలగుత్తి చాచింది.

"వద్దు. అది నీది. నీ పేరు పిలిచి ఇచ్చారు. చక్కగా నడువు." కూతురి నుదుటి మీద ముద్దు పెట్టి వరసలోకి పంపింది. తర్వాత ఇన్మా దగ్గరికి వెళ్ళి, "పెన్ను ఒకసారి ఇస్తావా?" అంది.

సంఘం గదిలో ఎవరూ లేరు. గోడ మీద రెండు కాగితాలు అంటించి ఉన్నాయి. ఒకటి ఊరేగింపు జాబితా. పేరు పేరునా వెతికింది, ఇంకా ఎందుకో ఆశ. రెమే, నెలో, లాయా, ఒకే ఇంటివి మూడు వరసలు. వాటి కింద వేరే ఇంటివాళ్ళు. రెండోది వంటింటి జాబితా. ఫిబ్రవరి నుంచి ప్రతి శని ఆదివారాల ఎదురుగా, చివర్న ఈ మూడు పండగ రోజుల ఎదురుగా ఓర్లా, ఓర్లా, ఓర్లా. ఇదివరకు చదువుతూ పోయింది, ఏ రోజు ఏం తేవాలో చూసుకోవటానికి. ఇప్పుడు ఆ కాగితానికి రెండడుగులు దూరంగా నిలబడి చూస్తే, గోడ మీద ఎవరో ఒకే పేరు పదే పదే రాసి సాధన చేసినట్టుంది. మార్చి పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. మూడు చోట్లా తన పేరు కొట్టేసింది. నింపాదిగా, గీత వంకర పోకుండా. పక్కన నెలో అని మూడుసార్లు రాసింది. మెడలోంచి వంటింటి తాళంచెవి తీసి సంచిలో వేసింది.

బయట బాజా మొదలైంది. వరస కదలబోతోంది. సంచి తెచ్చి నెలో భుజానికి తగిలించింది, జరీ కోటు మీద.

"ఇదేంటి? ఎక్కడికి?" అన్నాడు. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది కానీ కళ్ళలోంచి పోయింది. "ఓర్లా, నూట ఇరవై మంది! చాక్లెట్ ఎవరు కాస్తారు?"

"లోపల జాబితా ఉంది, చూడు. అందులో ఎవరి పేరుంటే వాళ్ళు."

రెమే ఏదో అంది. బాజా మోతలో వినిపించలేదు. వినాలని ఆగలేదు కూడా.

వరస ఎడమకి తిరిగింది. ఆమె కుడివైపు పేవ్‌మెంట్ ఎక్కింది. గంజి పెట్టిన పావడాల మీద ఆ పట్టు లంగా ఎంత విచ్చుకుందంటే, ఎదురొచ్చేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు గోడకి ఒదిగి ఆమెకి దారి ఇస్తున్నారు. మొదట కొంచెం సిగ్గనిపించింది. నాలుగు దుకాణాలు దాటేసరికి పోయింది. గుండెల మీద, అత్తగారు వద్దన్నా పెట్టుకున్న అమ్మ వెండి పిన్ను ఎండకి మెరుస్తోంది.

మూల మీద పూలకొట్టులో ముసలాయన కుర్చీలోంచి లేచాడు. "ఏ సంఘం అమ్మా? మీవాళ్ళు వెళ్ళిపోయారా?"

"వెళ్ళారు. నాకు ఎర్ర కార్నేషన్లు ఒక గుత్తి కట్టండి. సముద్రం దాకా వెళ్ళాలి, ట్రామ్ నడుస్తోందా ఇవాళ?"

"నడుస్తోంది. పూలు చౌకుకి కాదా?"

"మా అమ్మ సముద్రం పక్క ఊరి మనిషి."

ఆయన తడి గోనె మీద పూలు పేర్చి, ఎర్రదారంతో బిగించి కట్టాడు. అలవాటు ప్రకారం గుత్తికి కట్టే తెల్ల చీటీ తీసి, పెన్సిల్ నాలిక్కి తాకించి, తల వంచాడు.

"ఎవరి పేరు రాయమంటారు?"

"ఇలా ఇవ్వండి," అని ఓర్లా చెయ్యి చాచింది. "నేనే రాసుకుంటాను."