నేల మీద నిలవని పెయ్య

శివరామయ్యగారింట్లో తెల్లారడం ఆయన గొంతుతోనే మొదలవుతుంది. కాఫీకి ఒక కేక, చెప్పులకు ఒక కేక, మోటారు ఎవరూ ఆపలేదని ఇంకో కేక. ఆ గురువారం మాత్రం ఆయన కేకలకు ఎవరూ పలకలేదు. భార్య కోటమ్మ వంటింట్లో బొబ్బట్లకు పూర్ణం రుబ్బుకుంటోంది. కూతురు హిమజ గొడ్లసావిట్లో స్టూలెక్కి, పైకప్పు రేకులకు ఆనుకున్న పెయ్యదూడను కాళ్లు పట్టుకుని కిందికి లాగుతోంది.

గేదెకది తొలిచూలు. తెల్లారుజామున నాలుగింటికి ఈనింది. పుట్టింది తేలికదూడ. కోటప్పకొండ చుట్టుపక్కల ఊళ్లలో ఏడాదికో రెండేళ్లకో ఇలాంటిది ఒకటి పుడుతూనే ఉంటుంది. తల్లి జున్నుపాలు కడుపులో పడేదాకా దానికి బరువు రాదు. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు తాగితే నేల మీద నిలబడుతుంది, తాగకపోతే ఇక ఏ పలుపూ దాన్ని ఆపలేదు. పోయినేడు ఫ్రాన్సిస్ వాళ్ల దూడ అలాగే పలుపులోంచి జారి, మిరప చేల మీదుగా కొండవైపు వెళ్లిపోయింది. తిరనాళ్లకు ప్రభ కడుతున్నవాళ్లు తలెత్తి చూసి, ఎవరిదో పాపం అనుకుని మళ్లీ పనిలో పడ్డారు.

ఇవాళే పుట్టాలా ఇది? పదింటికి చిలకలూరిపేట నుంచి పత్తి జిన్నింగు మిల్లువాళ్లు హిమజను చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే వచ్చే నెలలోనే ముహూర్తం. వెటర్నరీ డిప్లొమా ఒక ఏడు అయింది, ఇంకో ఏడుంది. ఇక చదివింది చాల్లే అన్నాడు శివరామయ్య. హిమజ సరేననలేదు, కాదనలేదు. తండ్రికి ఎదురు చెప్పడం ఆ పిల్లకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు.

పక్కింటి నూర్ మొహమ్మద్ మోటారు మెకానిక్కు. మంచిమనిషి, కాకపోతే ఆయన దగ్గర ఏ జబ్బుకైనా ఇనుమే మందు. కబురు తెలియగానే పరిగెత్తుకొచ్చి, పాత బేరింగులూ నట్లూ గోతంలో పోసి దూడ నడుముకు కట్టాడు. దూడ నేలకు దిగింది. గేదె మెడ సాచి వాసన చూసింది. తన బిడ్డ ఒంటి మీద గ్రీజు వాసన! ఒక్క తన్ను తన్నింది.

"ఏంది బాబాయ్ ఇది! తల్లి నాకకముందే గ్రీజు పూశావు గదా" అంది హిమజ, ఏడుపు ఆపుకుంటూ.

"బరువైతే వచ్చింది గదమ్మా" అన్నాడాయన, బిక్కమొహం వేసుకుని.

ఆ ఇనుము విప్పెయ్యగానే దూడ మళ్లీ రేకులకు చేరింది. హిమజ దాన్ని దింపి, గోరువెచ్చటి నీళ్లతో కడిగి, బెల్లంనీళ్లలో ఉప్పూ తవుడూ కలిపి ఒళ్లంతా పట్టించింది. గేదె ముందు మొహం తిప్పుకుంది. తర్వాత ఒకసారి నాలుక తగిలించి చూసింది. మరోసారి కాస్త గట్టిగా నాకింది. హిమజకు ప్రాణం లేచొచ్చింది.

కానీ తాగేదెట్లా? గేదె పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని, దూడను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా అదిమి పట్టింది. ఒళ్లు ఆగింది గానీ తల ఆగలేదు. మూతి పొదుగును దాటుకుని పైపైకి పోతోంది. తల వంచి చన్ను నోటికి అందించడానికి ఇంకో మనిషి కావాలి. నూర్ మొహమ్మద్ దగ్గరికొస్తే చాలు, గేదె కాలు లేపుతోంది. ఆయన చేతుల్లో ముప్పయ్యేళ్ల గ్రీజుంది, ఒక పూట కడిగితే పోయేది కాదు. కోటమ్మకు గేదె తన్నంటే చచ్చేంత భయం.

పదింటికి వాకిట్లో కారు ఆగింది. శివరామయ్య సావిట్లోకి ఊడిపడ్డాడు.

"ఏమే, ఇంకా ఇక్కడే ఉన్నావా? వాళ్లొచ్చారు. లే, పోయి చీర కట్టుకో."

"వదిల్తే పోద్ది నాన్నా."

"పోతే పోద్ది. గేదె మళ్లీ ఈనదా? ఇట్టాంటి సంబంధం మళ్లీ వస్తదా?"

హిమజ దూడ మీద నుంచి చేతులు తియ్యలేదు. ఆయన పళ్లు నూరి, నవ్వు మొహం పెట్టుకుని వరండాలోకి పోయాడు.

పదకొండయింది. పాలు పడని దూడ నీరసిస్తున్న కొద్దీ ఇంకా తేలికైపోతోంది. ఒకసారి దాంతోపాటు తనూ బెత్తెడు పైకి లేచి, మళ్లీ కూలబడింది హిమజ. జబ్బలు లాగేస్తున్నాయి. ఇది తన చేతుల్లోంచే పోతుందని దిగులు పట్టుకుంది.

వరండాలో "అమ్మాయి తయారవుతోందండీ" అన్న మాట మూడోసారి విని, అబ్బాయి తల్లి జ్యోతిర్మయి లేచింది. ఎవరూ దారి చూపించకపోయినా తిన్నగా సావిట్లోకి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఎన్నింటికి ఈనింది?"

"నాలుగింటికండీ."

"అప్పట్నుంచీ నువ్వొక్కదానివే పట్టుకున్నావా?"

తలూపింది హిమజ. జ్యోతిర్మయి గాజులు తీసి, వెనకే వచ్చిన శివరామయ్య చేతిలో పెట్టింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. గేదె వీపు నిమురుతూ పేడలోనే గొంతుక్కూర్చుని, నాలుగు చుక్కలు వేలి మీదికి పిండి దూడ నాలుకకు రాసింది. తర్వాత దాని తల వంచి చన్ను నోట్లో పెట్టింది. గేదె వెనక్కి తిరిగి బిడ్డను నాకింది. పొదుగు చేపుకొచ్చి పాలు దిగాయి. దూడ ఒకసారి చప్పరించింది, ఆగింది, మళ్లీ చప్పరించింది. ఆ తర్వాత ఇక ఆగలేదు.

హిమజ ఒళ్లో బరువు తెలిసింది. ముందు పిల్లికూనంత. కాసేపటికి తవుడు బస్తా అంత. తొడలు నొప్పెట్టాయి, ఆ నొప్పికి ఆ పిల్లకు సంతోషంతో ఏడుపొచ్చింది.

"మాది కారంపూడి దగ్గర పల్లె" అంది జ్యోతిర్మయి, దూడ తల వదలకుండానే. "పద్దెనిమిదేళ్లప్పుడు అక్కడ నా చేతుల్లోనూ ఇలాంటి దూడే ఒకటుంది. చూడ్డానికొచ్చారు, లెగమన్నారు. లేశాను. ముప్పయ్యేళ్లయింది, మిల్లులో దూది ఎగిరినప్పుడల్లా ఇప్పటికీ తలెత్తి చూస్తా."

శివరామయ్య గాజులు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"మావాడు నచ్చాడా అమ్మా?" అంది జ్యోతిర్మయి.

గుమ్మంలో ఆవిడ కొడుకు వెంకట సాయి, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేనింకా చూళ్లేదండీ" అంది హిమజ. "దూడనే చూస్తన్నా."

"ఏం చదువుతున్నావు?"

"వెటర్నరీ డిప్లొమా. ఇంకో ఏడుంది. మాన్పిస్తామంటున్నారు."

"నువ్వేమంటావు?"

హిమజ తండ్రి వైపు చూసింది.

"మాననండీ" అంది.

"అయితే వచ్చే నెల ముహూర్తం వద్దు అన్నయ్యగారూ" అంది జ్యోతిర్మయి, శివరామయ్య నోరు తెరిచేలోపే. "చదువయ్యాక వస్తాం. అప్పటికి ఈ పిల్లకు మావాణ్ణి చూడాలనిపిస్తేనే."

ఒళ్లోంచి దూడ లేచింది. నాలుగు కాళ్లూ నాలుగు వైపులకు పోతుంటే వెంకట సాయి కంగారుగా చెప్పులు పారేసి రెండడుగులు ముందుకొచ్చాడు.

"పట్టుకోమంటారా?"

"వద్దండీ" అంది హిమజ. "అది నిలబడుద్ది."