గ్రిల్లు మీద నరసరాజుగారు

నరసరాజుగారి అమెరికా కారుకి అరవై ఏళ్లు, దాని ఆటోమేటిక్ గేర్‌బాక్సుకీ అంతే. ఎండల్లో గేర్ ఆయిల్ సలసలా కాగుతోందని ఆయన దాన్ని చల్లబరిచే కూలర్ కోసం మూడు నెలలు వెతికారు. కూతురి సంబంధానికైనా అన్ని వంకలు పెట్టలేదు. చిన్నది నామోషీ, నల్లది శనిగ్రహం. చివరికి తెల్లగా మెరిసే పెద్ద కూలర్ తెప్పించి, కార్ఖానాలో మెకానిక్ సైలస్ చేతిలో పెట్టారు.

సైలస్ దాన్ని గ్రిల్లు వెనక, రేడియేటర్ ముందు బిగించాడు.

"దీనికి ఎదురుగాలి తగలాలె సార్. గాలి లేకుంటే ఇది ఉత్త రేకు."

"నాకు చెబుతున్నావా? నలభై ఏళ్లుగా కార్లు చూస్తున్నానయ్యా!"

ఆదివారం పాత కార్ల ఊరేగింపు. సైలస్ చర్చిలో ఉండగానే నరసరాజుగారి నుంచి ఫోను వచ్చింది.

"నీ పనితనం తగలెయ్య! చిలకలగూడలో బండి ఆగిపోయింది."

సైలస్ ప్రార్థన మధ్యలో లేచి స్కూటర్ మీద వెళ్లాడు. కారు కింద ఆయిల్ పొగలు కక్కుతోంది. ముందువైపు గ్రిల్లు కనబడటం లేదు. దాని నిండా బిగించి కట్టిన ఫ్లెక్సీలో, నల్లకళ్లద్దాలతో నరసరాజుగారు దణ్ణం పెడుతున్నారు. కింద 'నూతన కూలర్ అమర్చిన శుభసందర్భంగా' అని ఎర్రక్షరాలు.

సైలస్ కత్తి తీశాడు. "కూలర్‌కి గాలి తగుల్తలేదు సార్. ఈ ఫ్లెక్సీ కొయ్యాలె."

నరసరాజుగారు గడ్డం గోక్కున్నారు. "సరే, చుట్టూ కోసెయ్. నా మొహం మాత్రం ఉంచు."

"అడ్డమున్నది గదే సార్," అన్నాడు సైలస్.