మా ఆయన చేయని పాపం

క్రైస్తవ కథా రచయితల మహాసభ అంటే నేనేదో ఊహించుకున్నాను. నా మొహం! వెళ్ళిన గంటకే ఒళ్ళంతా జిడ్డు పట్టినట్టయింది. గుమ్మం దగ్గరే ఒకాయన నా రెండు చేతులూ తన చెమట చేతుల్లో ఇరికించుకుని, "స్వాగతం సోదరీ, ప్రభువు మిమ్మల్ని ఇక్కడికి ఊరికే తీసుకురాలేదు" అన్నాడు. తీసుకొచ్చింది మా ఆయన. రెండు బస్సులు మారి, నా నవల కాగితాలున్న సంచీ భుజాన మోసుకుని మరీ వచ్చాడు. ఆయన్ని మాత్రం ఒక్కరూ పలకరించలేదు.

నేను ఆసుపత్రిలో టోకెన్లు ఇచ్చే కౌంటర్లో కూర్చుంటాను. మా ఆయన ఇళ్ళకు వెళ్ళి ఫ్రిజ్జులు బాగుచేస్తాడు. జనం పల్చబడినప్పుడల్లా కౌంటర్లోనే రాసుకుంటూ ఎనిమిదేళ్ళకు ఒక నవల పూర్తిచేశాను. మొగుడు ఇంకొకావిడతో తిరుగుతున్నాడని తెలిసిన ఒక ఇల్లాలి కథ. అందులో మొగుడు బీమా ఏజెంటు, వాగుడుకాయ. మా ఆయన నోట్లోంచి పూటకు నాలుగు మాటలు రావడమే గగనం. ఎక్కడా పోలికే లేదు. ఆ సభకు ఒక పబ్లిషరు వస్తాడనీ, నచ్చితే అక్కడికక్కడే అచ్చుకు ఒప్పుకుంటాడనీ చర్చిలో ఎవరో చెప్పారు. ఆ ఆశే లేకపోతే గుమ్మంలోంచే వెనక్కి తిరిగేదాన్ని.

పొద్దుటి పాఠం చెప్పింది నలభై పుస్తకాలావిడ. ఆవిడ పేరు ఎత్తిన ప్రతిసారీ ముందు "నలభై పుస్తకాలు రాసిన" అని తగిలిస్తుంటే నాకు ఆ ముక్కే గుర్తుండిపోయింది. "మన కథల్లో దుర్మార్గుడు సిగరెట్టు తాగకూడదు, బూతులు తిట్టకూడదు. పాఠకులు నొచ్చుకుంటారు" అంది. మరి వాడు దుర్మార్గుడని ఎలా తెలుస్తుందండీ అని అడిగాను. "ప్రార్థనలో కళ్ళు తెరిచి ఉంటాడు" అంది. నవ్వుతుందేమోనని చూశాను. అబ్బే. చుట్టూ అందరూ తలలు వంచుకుని బుద్ధిగా రాసుకుంటున్నారు.

తరవాత మమ్మల్ని ఆరుగురేసి గుండ్రంగా కూర్చోబెట్టారు. ఎవరి రచన వాళ్ళు కొంత చదవాలి, మిగతావాళ్ళు విమర్శ చెప్పాలి. నాకు కావలసింది అదే. ఎనిమిదేళ్ళలో నా రాత మీద ఒక్కరు ఒక్క మాట చెప్పిన పాపాన పోలేదు. మొగుడి సంచీలో పరాయి ఆడదాని జడపిన్ను దొరికినప్పుడు, ఇల్లాలు గిన్నెలన్నీ ఎత్తి కుదేసి, "నీకు కళ్ళు లేవా?" అని దేవుణ్ణి నిలదీసే ఘట్టం చదివాను. చదువుతుంటే నా గొంతు నాకే బాగుందనిపించింది. తలెత్తి చూద్దును కదా, ఐదుగురూ కళ్ళు మూసుకుని ఉన్నారు.

పక్కనున్న లావుపాటావిడ నన్ను లాక్కుని గుండెలకు హత్తుకుంది. పౌడరు, చెమట కలిసిన వాసన గుప్పున కొట్టింది. "ఎన్నాళ్ళు ఒక్కదానివే మోశావు తల్లీ?" అంటూ భోరుమంది.

"ఏమిటి మొయ్యడం? ఇది కథండీ. నేను కల్పించాను."

"మొదట్లో అందరం అలాగే అంటాం."

"అనడం కాదండీ, నిజంగా కల్పించాను. మా ఆయన అలాంటివాడు కాదు."

"చూశారా, ఇంకా వెనకేసుకొస్తోంది!" అని ఆవిడ మిగతా నలుగురితో అంది. వాళ్ళు నా తల మీద, భుజాల మీద చేతులు వేసి ప్రార్థన మొదలుపెట్టారు. ఒకాయన ఉంగరం నా జుట్టులో చిక్కుకుంది. నా వాక్యం బాగుందని గానీ, ఏడ్చినట్టుందని గానీ ఒక్కరూ చెప్పలేదు. కథల సభకు వచ్చి కథ అంటే నమ్మని మనుషుల్ని అక్కడే చూశాను.

టీ విరామంలో బయటికి వచ్చేసరికి వరండాలో నలుగురు మగవాళ్ళు మా ఆయన్ని గోడకు ఆనించి నిలబెట్టి ఉన్నారు. ఆయన చేతిలో టీ కప్పు. ఒకడు ఆయన నెత్తి మీద చెయ్యి వేసి "ఈ సోదరుని పాపపు కోరికలను కాల్చివేయుము" అని అరుస్తున్నాడు. ఇంకొకడు సీసాలోంచి నూనె వంచి నుదుటికి రాస్తున్నాడు. అది ముక్కు మీదుగా కారి టీలో పడుతోంది. మా ఆయన కప్పు పక్కకు జరపాలా వద్దా అని మొహమాటపడుతున్నాడు.

నన్ను చూసి, "ఏంటే ఇది, వచ్చినవాళ్ళందరికీ రాస్తున్నారా?" అని మెల్లగా అడిగాడు.

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. జరిగింది చెప్పాను. ఆయన "అయితే నేను తిరుగుబోతునన్నమాట" అని, నూనె తేలుతున్న ఆ టీని పూలకుండీలో పారబోశాడు. అంతే. కోపం లేదు, పాడూ లేదు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

వెళ్ళిపోదాం పదండని సంచీ అందుకుంటుండగా పబ్లిషరు కబురు పెట్టాడు.

ఆయన గది చివర ఒక బల్ల వెనక కూర్చుని, చొక్కాకు తగిలించుకున్న పేరు బిళ్ళ పీకి, దాని పిన్నుతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. నేను చదివాక బృందంవాళ్ళు పట్టుకెళ్ళిన నా కాగితాలు ఆయన ముందున్నాయి. చదివాడో లేదో తెలియదు గానీ, నా బృందం చెప్పింది మాత్రం అంతా విన్నాడు.

"సోదరీ, నవలగా వేస్తే ఇది గోదాములో ఎలకల పాలే. సాక్ష్యంగా వేద్దాం. ఒక ఇల్లాలి యథార్థ జీవితం. రెండు నెలల్లో పుస్తకం మీ చేతిలో ఉంటుంది."

"యథార్థం కాదండీ."

"సాయంత్రం ముగింపు సభలో మీ ఆయన వేదికెక్కి రెండు మాటలు చెబుతారు. తప్పు చేశాను, ప్రభువు నన్ను మార్చాడు. మీరు పక్కన నిలబడితే చాలు. సభంతా కొంటుంది."

"చేయని తప్పు చేశానని అబద్ధం చెప్పమంటారా?"

ఆయన పిన్ను నోట్లోంచి తీసి, చివర ఉన్నదేమిటో చూసి, తుడుచుకున్నాడు. "మరి ఈ మూడొందల పేజీలూ ఏమిటి? అబద్ధాలేగా! ఇంకో రెండు నిమిషాలకు అంత బాధ దేనికి?"

మొహాన ఉమ్మేయాలనిపించింది. ఉమ్మలేదు. ఆలోచించి చెబుతానన్నాను. చూడండి, నేనన్న మాట అదీ.

మెట్ల మీద కూర్చున్న మా ఆయనకు సంగతంతా చెప్పాను. పబ్లిషరును, వాడి పళ్ళను, ఆ లావుపాటావిడను, నలభై పుస్తకాలను కలిపి కడిగిపారేశాను. ఆయన అన్నీ విని, "ఇంతకీ పుస్తకం వేస్తారా వెయ్యరా?" అన్నాడు.

"ఇలా అయితే వేస్తారట."

"అయితే వెళ్తాలే. నాకేం పోతుంది? ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్ళెవరు? నువ్వు అన్నేళ్ళు రాశావు."

వద్దు అని ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అట్ట మీద నా పేరు కళ్ళ ముందు కనబడుతోంది. చెప్పుకు అంటిన మట్టిని మెట్టుకేసి రాస్తూ కూర్చున్నాను. ఆయన లేచి, చొక్కా సర్దుకుని, జేబురుమాలుతో నుదుటి నూనె తుడుచుకుని లోపలికి నడిచాడు.

సాయంత్రం హాలు కిక్కిరిసింది. తడిసి ఆరని తివాచీ వాసన, దానికి తోడు ఎవరో పూసుకొచ్చిన సెంటు. మైకు నలభై పుస్తకాలావిడ చేతిలో ఉంది. మా ఆయన పనికి వేసుకునే బూట్లతోనే వేదిక మధ్యలో నిలబడ్డాడు. పక్కన నిలబడాల్సిన నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. ఫోన్లన్నీ పైకి లేచాయి.

"తప్పు చేశానండీ" అన్నాడు. హాలంతా "స్తోత్రం!" అంది.

"ఎన్నాళ్ళు సాగింది సోదరా?" అని ఆవిడ తియ్యగా అడిగింది.

ఆయన నా నవల చదవలేదు. ఆయనకు చదివే అలవాటు లేదు. ఇంట్లో తువ్వాలు ఎక్కడుందో అడిగేటప్పుడు చూసినట్టే జనంలో నాకోసం చూశాడు. నేను తల దించుకున్నాను. "కొన్నాళ్ళు" అన్నాడు.

"ఎవరామె? దాచకు నాయనా, వెలుగులోకి తీసుకురా."

మా ఆయన మళ్ళీ నావైపు చూసి, ఇంక దారిలేక ఉన్నమాట చెప్పాడు. "ఎవరో నాకు తెలియదండీ."

హాలంతా గగ్గోలైంది. "తెలియదట! ఎంతమందో ఏమో!" అని నా వెనకెవరో అన్నారు. ముందు వరసలో ఒకావిడ చెంపలు వాయించుకుంది. నలభై పుస్తకాలావిడ కళ్ళు మెరిశాయి. ఇంత పెద్ద చేప పడుతుందని ఆవిడా అనుకున్నట్టు లేదు.

అప్పుడు చూశాను, రెండో వరసలో మా పక్కవీధి టీచరమ్మ. పోయిన వారమే ఈయన వాళ్ళింటికి వెళ్ళి ఫ్రిజ్జు బాగుచేసి వచ్చాడు. అప్పుడు ఇంట్లో ఉన్నది వాళ్ళ పెద్దమ్మాయి ఒక్కతే. ఆ పిల్లే ఇప్పుడు ఆవిడ పక్కన కూర్చుని ఉంది. టీచరమ్మ వంగి పిల్ల చెవిలో ఏదో అడిగింది. పిల్ల కాదన్నట్టు తలూపింది. అయినా ఆవిడ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని మా ఆయన్ని ఎగాదిగా చూసింది. మా ఆయనా వాళ్ళను చూశాడు. మనిషి అక్కడే నీరుగారిపోయాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎలా వెళ్ళానో తెలియదు, కుర్చీలు తోసుకుంటూ వేదికెక్కి ఆవిడ చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"ఈయన ఏ తప్పూ చేయలేదు! ఇది కథ! జడపిన్నూ లేదు, ఆడదీ లేదు, అన్నీ నేను కల్పించాను. పుస్తకం కోసం ఈయనచేత అబద్ధం చెప్పించాం. వింటున్నారా? అబద్ధం!"

నా లావుపాటావిడ లేచి, చేతులు పైకెత్తి, "క్షమించడమంటే ఇదీ! మొగుడి పాపాన్ని ఎలా కప్పిందో చూడండి!" అని గొల్లుమంది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. నేను మైకులో "కాదర్రా!" అని అరుస్తూనే ఉన్నాను, డ్రమ్ములు అందుకున్నాయి, పాట మొదలైంది. టీచరమ్మ కూడా చప్పట్లు కొడుతోంది, నాకోసం. మా ఆయనవైపు మాత్రం చూడటం లేదు.

వేదిక దిగగానే పబ్లిషరు ఎదురొచ్చాడు. "అద్భుతం సోదరీ! 'ఈయన ఏ తప్పూ చేయలేదు', చివరి పేజీలో ఆ ఒక్క వాక్యం చాలు." వాడి చంకలో ఉన్న నా కాగితాల కట్ట లాక్కున్నాను. "నీ అచ్చు నువ్వే తగలేసుకో" అన్నాను. దీనికెంత పొగరు అన్నట్టు చూశాడు. ఛీ, ఆ మొహమూ మొహమేనా!

టీచరమ్మకు నిజం చెబుదామని గేటు దాకా పరిగెత్తాను. చెప్పాను కూడా. ఆవిడ నా చెంప నిమిరి, "నీ మంచితనం నాకు తెలుసమ్మా" అంది. "ఫ్రిజ్జు ఇప్పుడు బాగానే ఉంది, మళ్ళీ చూడక్కర్లేదని ఆయనకు చెప్పు" అని పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది.

మా ఆయన బస్టాపులో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని, దారి పొడవునా కూడబెట్టుకున్న తిట్లన్నీ కుమ్మరించాను. ఒక్కణ్ణీ వదల్లేదు. ఆయన నా ఒళ్ళోని కట్ట చూశాడు.

"వద్దన్నావా?"

"మొహాన కొట్టి మరీ వద్దన్నాను."

ఆయన తలూపాడు. బస్సు వస్తుందేమోనని రోడ్డు చివరికి చూశాడు.

"ఆ మాట మెట్ల దగ్గర అనుంటే బాగుండేదే" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా ఏదో ఒకటి ఎదురు చెప్పేదాన్ని. బస్సు వచ్చింది. సంచీ నేనే భుజాన వేసుకుని ఆయన వెనకాల ఎక్కాను.