కెప్టెన్ మాట

కాలేజీ రోజుల్లో అతను ఫుట్‌బాల్ జట్టులో డిఫెండరు. ఆఖరి ఏడాది ఫైనల్లో, ఆట ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా, గోల్‌కీపర్ని దాటుకుని వెళ్ళిపోతున్న బంతిని వెనక్కి పరిగెత్తి బయటికి తన్నాడు. బంతి గీత దాటిందా లేదా అన్నది రిఫరీకి కనబడలేదు. లైన్‌మన్ బురదలో జారిపడి, లేచే ప్రయత్నంలో ఉన్నాడు. రిఫరీ నేరుగా వచ్చి అతన్నే అడిగాడు.

"దాటింది సార్" అన్నాడతను, తడుముకోకుండా.

ఆ ఒక్క గోలుతో కాలేజీ ఓడిపోయింది. సొంత జట్టు గోల్‌కీపరు నెలరోజులు అతనితో మాట్లాడలేదు.

ఆ ఆట చూసినవాళ్ళలో ఒక ఫ్యాక్టరీ యజమాని ఉన్నాడు. ఇనపరేకులు వంచి డబ్బాలు, మూతలు, తలుపుల బందులు చేసే ఫ్యాక్టరీ ఆయనది. కుర్రాడికి కబురుపెట్టి పిలిపించుకున్నాడు. పనివాళ్ళు తన మాట నమ్మరని, ఇతని మాటయితే నమ్ముతారని, తనకు అలాంటి మనిషే కావాలని దాపరికం లేకుండా చెప్పాడు.

అలా గుమాస్తాగా చేరినవాడు ఇరవైరెండేళ్ళలో పనివాళ్ళ వ్యవహారాలు చూసే పర్సనెల్ మేనేజరయ్యాడు. బొజ్జ వచ్చింది. చలికాలంలో మోకాలు సలుపుతుంది. అందరూ కెప్టెన్ అని పిలుస్తారు గానీ నిజానికి ఏ జట్టుకూ అతనెన్నడూ కెప్టెన్ కాదు. సెలవులు, పంతాలు, అలకలు అన్నీ అతని బల్ల దగ్గరే తెగేవి. ఇద్దరు ఫిట్టర్లు ఒక గొడుగు నాదంటే నాదని ఏడాదిపాటు మాటలు మానేస్తే, ఆ గొడుగు తన గదిలో పెట్టుకుని, కుండపోత వాన పడ్డ సాయంత్రం ఇద్దర్నీ దానికిందే ఇంటికి పంపించాడు. వాళ్ళిప్పుడు వియ్యంకులు.

ఒక ఏడాది ఆర్డర్లు ఎక్కువయ్యాయి. రేకులు వంచే మూడో నంబరు ప్రెస్సుకు ముందు ఒక ఇనపజాలీ ఉండేది. అది దిగి చేతిని బయటికి నెట్టాకే పైనున్న దిమ్మ పడేది. దానివల్ల పని ఆలస్యమవుతోందని యజమాని దాన్ని ఊడదీయించాడు. ఆ ప్రెస్సు మీద పనిచేసే ఆపరేటరు నెమ్మదైన మనిషి, ముత్యాల్లాంటి దస్తూరి. జాలీ లేకుండా పని చెయ్యటం ప్రమాదమని అరపేజీ ఉత్తరం రాసి కెప్టెన్ చేతిలో పెట్టాడు. కెప్టెన్ దానిమీద అందినట్టు ముద్ర వేసి, యజమాని దగ్గరికి వెళ్ళి అడిగాడు. ఈ ఆర్డరు అయిపోగానే బిగిస్తామన్నాడాయన. కెప్టెన్ తిరిగొచ్చి ఆపరేటరుతో, "ఈ ఒక్కటీ కానివ్వు. తర్వాత సంగతి నేను చూసుకుంటాగా" అన్నాడు.

కెప్టెన్ అన్నాడు కాబట్టి ఆపరేటరు మళ్ళీ మెషిన్ దగ్గరికి వెళ్ళాడు. పదకొండో రోజున దిమ్మ అతని కుడిచేతి మీద పడింది. మణికట్టు పైదాకా తీసెయ్యాల్సి వచ్చింది.

మూడో రోజు యజమాని ఒక టైపు కాగితం కెప్టెన్ ముందుకు తోశాడు. జాలీని ఆపరేటరే తొందరపడి సొంతంగా తీసేసుకున్నాడని అందులో ఉంది. ఇది లేకపోతే ఫ్యాక్టరీకి సీలు పడుతుందన్నాడు. "వాడొక్కడి చెయ్యి చూడమంటావా, మూడొందలమంది కంచాలు చూడమంటావా?" అని అడిగాడు. ఆపరేటరు చేత సంతకం పెట్టిస్తే అతనికి బతికినంతకాలం గేటు దగ్గర ఉద్యోగం ఇస్తానన్నాడు. కెప్టెన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆసుపత్రిలో ఆపరేటరు భార్య అతన్ని చూడగానే స్టూలు ఖాళీచేసి లేచి నిలబడింది. "వచ్చారా అన్నయ్యగారూ. ఇంక మాకు బెంగ లేదు" అంది. కెప్టెన్ ఆమెను మందులు తెమ్మని కిందికి పంపించాడు. ఆమె వెళ్ళాక కాగితం విప్పి, ఇది మామూలు వ్యవహారమేనని, ఉద్యోగం పోకుండా ఉండేందుకని చెప్పాడు. ఆపరేటరు ఎడమచేత్తో కాగితం పట్టుకుని చాలాసేపు చూశాడు. సంతకం ఎలా పెట్టాలి? కెప్టెనే అతని బొటనవేలికి సిరా పూసి, కాగితానికి అద్దించాడు. తర్వాత తన జేబురుమాలుతోనే ఆ వేలు తుడిచాడు.

విచారణకు వచ్చిన ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆ కాగితం చదివి పక్కన పెట్టాడు. కళ్ళజోడు తీసి కెప్టెన్ వంక చూశాడు.

"ఈ మెషిన్ గురించి ముందెప్పుడైనా ఫిర్యాదు వచ్చిందా? మీ గురించి విన్నాను. మీరేం చెప్తే అదే రాసుకుంటాను."

ముద్ర వేసిన ఉత్తరం బల్ల సొరుగులో, సరిగ్గా అతని మోకాలి దగ్గరే ఉంది.

"రాలేదు సార్" అన్నాడు కెప్టెన్. అదీ తడుముకోకుండానే. పావుగంటలో ఫైలు మూతపడింది.

ఇంటికెళ్తే భార్య, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. మోకాలు నొప్పన్నాడు. ఆమె వేడినీళ్ళు కాచి కాపడం పెట్టింది.

యజమాని మాట తప్పలేదు. గాయం మానాక ఆపరేటరు గేటు దగ్గర చేరాడు. పొద్దున్నే కెప్టెన్ స్కూటరు శబ్దం వినగానే లేచి, ఎడమచెయ్యి, భుజం ఆనించి గేటు నెట్టేవాడు. కెప్టెన్ కొన్నాళ్ళకు స్కూటరు మానేసి, లారీలు వచ్చే వెనకదారిన నడిచి రావటం మొదలుపెట్టాడు. అలా ఆరు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక గేటు గదిలోకి వెళ్ళి, ఆ కాగితంలో ఏముందో, ఇన్‌స్పెక్టరుతో తను ఏం చెప్పాడో అంతా కక్కేశాడు.

ఆపరేటరు తల కూడా ఎత్తలేదు. "తెలుసు సార్. చదివే వేలిముద్ర వేశాను."

"మరెందుకు వేశావయ్యా?"

"వెయ్యకపోతే ఈ గేటు కూడా ఉండేది కాదుగా. అయినా తెచ్చింది మీరు. మీరే తెచ్చాక ఇంకెవరి దగ్గరికి వెళ్ళను?" అని, "మా ఆవిడకు మాత్రం చెప్పకండి. మీరున్నారన్న ధైర్యంతోనే తిరుగుతోంది మనిషి. దాన్నలా ఉండనివ్వండి" అన్నాడు. చెప్పనని కెప్టెన్ మాటిచ్చాడు.

మరుసటి వారం ఆమే వచ్చింది. తమ్ముడికి పని కావాలట, మూడో నంబరు ప్రెస్సు ఖాళీగా ఉందని తెలిసిందట.

"మా ఆయన తొందరపాటుతో జాలీ తీసేసుకుని చెయ్యి పోగొట్టుకున్నారు. మావాడు అలాంటివాడు కాదన్నయ్యగారూ, బహు జాగ్రత్త మనిషి" అంది.

ఆ నేరం ఆపరేటరు ఇంట్లో కూడా తన నెత్తినే వేసుకున్నాడని కెప్టెన్‌కు అప్పుడు తెలిసింది. ఆ పొద్దునే కెప్టెన్ ప్రెస్సు దగ్గరికి వెళ్ళి చూశాడు. జాలీ ఇంకా గోడవార గోనెసంచుల కిందే పడి ఉంది. ఖాళీ లేదమ్మా అన్నాడు.

"గేటు మీద బోర్డు పెట్టారు కదా?"

అతను బల్లమీది కాగితాలు సర్దాడు. అసలు సంగతి ఆమెకు చెప్పనని ఆపరేటరుకు మాటిచ్చి ఉన్నాడు. ఆమె కుర్చీలోంచి లేచింది. "మీరూ ఇంతేనన్నమాట" అని, నమస్కారమైనా పెట్టకుండా వెళ్ళిపోయింది.

ఆమె అటు వెళ్ళగానే కెప్టెన్ యజమాని గదికి వెళ్ళి, జాలీ బిగిస్తే తప్ప ఆ ప్రెస్సుకు మనిషిని తీసుకోనన్నాడు. యజమాని కోప్పడలేదు. వచ్చే నెల తప్పకుండా బిగిద్దామని, ఈలోగా మెషిన్ ఖాళీగా ఉండకూడదని అన్నాడు. లేచి వస్తుంటే, సొరుగులో ఉత్తరం ఉన్న సంగతి ఇన్‌స్పెక్టరుకు చెప్పలేదు కదా, ఇద్దరం ఒకే పడవలో ఉన్నామని నవ్వుతూ గుర్తుచేశాడు.

మర్నాడు ఆ ప్రెస్సు పనికోసం వరండాలో తొమ్మిదిమంది వరసగా కూర్చున్నారు. నాలుగోవాడు నలభై దాటినవాడు, అంతకుముందు పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడి ఏడు నెలలయింది, ఇద్దరు ఆడపిల్లలు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొచ్చాడు. కెప్టెన్ అతని కాగితాలు చూశాడు. చేతులు చాపమని, రెండు చేతులూ చూశాడు. గట్టి చేతులు. నియామకపు కాగితం మీద సంతకం పెట్టి అతని ముందుకు జరిపాడు.

"ఈ రకం ప్రెస్సు నాకు కొత్త సార్" అన్నాడతను మొహమాటంగా. "నాలుగు రోజులు పక్కనుండి చూసుకునేవాళ్ళు ఎవరన్నా ఉంటారా?"

"ఉంటారు" అన్నాడు కెప్టెన్, తడుముకోకుండా.

అతను కాగితాన్ని రెండు చేతులతో కళ్ళకద్దుకుని బయటికి నడిచాడు. వరండాలో మిగిలినవాళ్ళు, అదృష్టవంతుడు అన్నట్టు అతని వంక చూశారు.