పద్నాలుగు రోజులు నిలిచిన రంగు

కాశీబుగ్గ బస్టాండు ఎదుట రమణికి చిన్న ఫ్యాన్సీ కొట్టుంది. రెండువేల మూడు వేసవిలో విశాఖ నుంచి వచ్చే ఏజెంటు తిరుపతిరావు ఆమెకు కొత్త గోళ్ళరంగు సీసాలు ఇచ్చాడు. అది ఇంకా అమ్మకానికి రాలేదనీ, రోజూ పనిచేసే ఆడవాళ్ళకు వేసి ఎన్నాళ్ళు నిలుస్తుందో రాసివ్వాలనీ చెప్పాడు.

రమణి నలుగురిని ఎంచుకుంది. ఒక టీచరమ్మ, ఇడ్లీ బండి ఆవిడ, అక్కుపల్లి నుంచి చేపలు తెచ్చే మహాలక్ష్మమ్మ, ఆఖరున తను అప్ప అని పిలిచే అక్క వరహాలమ్మ. అప్ప పలాసలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. జీడి రసానికి వేళ్ళ చర్మమే ఊడిపోతుంది, ఇక రంగేం ఆగుతుందని రమణి నవ్వింది.

"ఎయ్యవే, సూద్దాం" అని వరహాలమ్మ చేయి చాపింది. భర్త పోయాక ఆమె సరదాపడి ఏదైనా అడగడం అదే మొదలు.

చేపలావిడ రంగు రెండో రోజుకే పెచ్చులూడింది. ఇడ్లీ ఆవిడది మూడు రోజులు, టీచరమ్మది ఆరు. అప్ప ఊరికి రమణి ఆదివారాలే వెళ్ళేది. మొదటి ఆదివారం పది గోళ్ళూ నిగనిగలాడుతున్నాయి. రెండోసారీ అంతే. పనిలో వేళ్ళకు గుడ్డ చుట్టుకుంటున్నావా అంటే లేదంది. రమణి పద్నాలుగు రోజులని రాసిచ్చింది. జీడి రసానికి ఆగిన రంగు దేనికైనా ఆగుతుందని తిరుపతిరావు పొంగిపోయాడు.

ఆ మాట చెబుదామని బుధవారం ఫ్యాక్టరీకి వెళితే, వరహాలమ్మ మూడు వారాలుగా పనికి రావడమే లేదని మేస్త్రీ చెప్పాడు. రమణి అటునుంచటే ఆటో ఎక్కింది.

వరహాలమ్మ చాప మీద పడుకుని ఉంది. కూతురు హిమజ సోంపేటలో హాస్టల్లో ఉండి చదువుతోంది కాబట్టి ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆమె పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంటలు పడుతున్నాయి.

"ఇదేటప్పా? నాకెందుకు సెప్పనేదు?"

"మీ బావకీ మొదట కాళ్ళే పొంగాయి. కిడ్నీలు పోనాయన్నారు. తెల్సినాక సెప్పడానికేటుంది?" గోళ్ళకేసి చూసుకుంటూ మళ్ళీ అంది. "ఆదివారం ఆదివారం వచ్చి, నా సెయ్యి ఒళ్ళో ఎట్టుకుని సూసీదానివి. ఆ కాసేపు బాగుండీదే."

రమణికి తన మీదే అసహ్యం వేసింది. ఆ చేతుల్ని వెలుగులో తిప్పి తిప్పి చూసింది గానీ, వేళ్ళ మీద జీడి నలుపు లేదనీ, మణికట్టు ఉబ్బిందనీ చూడలేదు.

విశాఖ ఆసుపత్రికి తీసుకెళితే, గోళ్ళు చూడాలి, రంగు తీసేయమని నర్సమ్మ చెప్పింది. రమణి దూదితో ఒక్కో వేలూ తుడిచింది. గోళ్ళు సున్నం పూసినట్టు తెల్లగా బయటపడ్డాయి. వరహాలమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

రమణి తిరుపతిరావుకు ఫోన్ చేసి, ఆ పద్నాలుగు తప్పు, కొట్టేయమంది. కాగితం కంపెనీకి వెళ్ళిపోయిందనీ, ఇప్పుడెవరూ అడగరనీ అతనన్నాడు.

వరహాలమ్మ డయాలసిస్ మీద ఏడు నెలలు బతికింది. వారానికి రెండుసార్లు రమణే రైల్లో తీసుకెళ్ళేది. ఆఖరి వారం ఆమె రానంది.

కర్మకాండలు అయ్యాక రమణి హిమజను తనింటికి తెచ్చుకుంది. మర్నాడే రక్తపరీక్షకు తీసుకెళ్ళింది.

"నాకేటీ నేదు పిన్నీ" అంది పిల్ల.

"నేకపోతే నేదని డాక్టరు సెప్పాల."

ఇప్పటికైతే బాగానే ఉందనీ, ఆరు నెలలకోసారి చూపించుకోవాలనీ డాక్టరు చెప్పాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చోగానే, అప్ప పోయిన రోజు కూడా రాని ఏడుపు రమణికి అప్పుడు వచ్చింది. హిమజ వచ్చి పక్కన కూర్చుంది.