మీగడ రంగు అంబాసిడర్

నీళ్లలో ముంచిన గరుకు వాటర్ పేపరును అంబాసిడర్ బానెట్ మీద గుండ్రంగా తిప్పుతూ, మధ్యమధ్య ఆగి ఊపిరి కూడదీసుకుంటున్నాడు ఎల్లస్వామి. అరిగిన పుట్టీ తెల్లటి నీళ్లై మోచేతి దాకా కారుతోంది. జనగామలో సూర్యాపేట రోడ్డు పక్కన ఈ రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా ఇదే పని. ఆటోల గీతలు, ట్రాక్టర్ల సొట్టలు, లారీ రాసుకుపోయిన డోర్లు. దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియకుండా చేయడమే అతని విద్య. పని కుదిరితే చేసినట్టే కనపడదు. అలాంటి పనికి పేరెక్కడిది పాపం! బంపర్ నుంచి డిక్కీ దాకా నిండుగా ఒక్క కారుకు రంగు వేయమని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

అడిగినవాడు గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చిన సురేందర్. వాళ్ల నాన్న హరిలాల్ మహబూబాబాద్‌లో కిరాయికి తిప్పిన బండి ఇది. ఆయనకు పక్షవాతం వచ్చాక ఎండకూ వానకూ నిలబడి తుప్పు పట్టింది.

"ఎంతైతదన్నా?"

"అమ్మితే వచ్చేదానికి రెండింతలైతది. చారాణ కోడికి బారాణ మసాలా తమ్మీ, సోంచాయించుకో."

"కానియ్యన్నా. బాపు ఒక్కపారి అండ్ల కూసోవాలె."

ఆ లెక్కలో ఎల్లస్వామి ఒకటి కలపలేదు. ఇంకోసారి రంగు కొట్టే స్ప్రే గన్ చేతపడితే ప్రాణానికే ముప్పని దవాఖానలో డాక్టరు చెప్పాడు. అతను ఏనాడూ మూతికి మాస్కు కట్టలేదు. రంగులో థిన్నర్ సరిపోయిందో లేదో వాసనే చెబుతుందనేవాడు. పనయ్యాక బెల్లంముక్క చప్పరిస్తే గొంతులోని రంగంతా కడుపులోకి జారిపోతుందని అతని ఉస్తాద్ నేర్పాడు. ఆ ఉస్తాద్ దగ్గి దగ్గి పోయినా బెల్లం మీద నమ్మకం మాత్రం పోలేదు.

పొద్దున బెల్లం కాగితంలో చుట్టి జేబులో పెడుతూ భార్య చిలుకమ్మ అడిగింది.

"గా బండి లెక్కల నీ ఊపిరి కలిపినవా?"

"గిదొక్కటే చిలుకా. మల్ల గన్ను ముట్ట."

ఇన్నేళ్ల కాపురంలో అతను తనకోసం ఏదీ కావాలనలేదు. అందుకే ఆమె జేబు సర్ది సాగనంపింది.

మధ్యాహ్నం నేల మీద నీళ్లు చల్లి, దుమ్ము అణచి, కంప్రెసర్ పెట్టాడు. మీగడ రంగు సన్నని మంచులా పడుతోంది. ఒక్కో డోరు అయ్యాక బోర్లించిన బకెట్ మీద కూర్చుని దగ్గి, మళ్లీ లేచాడు. చివరికి కారంతా ఒకే రంగులో నిగనిగలాడుతుంటే పసివాడిలా నవ్వాడు. సురేందర్‌కు ఫోన్ చేశాడు.

"అయిపాయె తమ్మీ. బాపుకు మంచి అంగీ తొడిగి తోల్కరా."

చిలుకమ్మ చాయ తెచ్చేసరికి అతను గోడకు ఒరిగి కారువైపే చూస్తున్నాడు.

"లే, చాయ సల్లారుతది."

అతను లేవలేదు. ఆమె గుండె పగిలేలా ఏడ్చింది. పక్క కొట్లవాళ్లు పరుగెత్తుకొచ్చారు. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. కారుకు ఎవరి భుజమూ తగలకుండా, అతన్ని గోడవారగా ఒద్దికగా మోసుకుపోయారు.

కర్మ అయ్యాక సురేందర్ తండ్రిని తీసుకొచ్చాడు. ఇద్దరు పట్టి డ్రైవర్ సీట్లో కూర్చోబెడితే హరిలాల్ స్టీరింగ్‌ను తడిమి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఒక్క సొట్ట కానొస్తలేదురా. ఎవలేసిన్రు రంగు?"

కొడుకు చిలుకమ్మ వైపు చూశాడు. ఆమె షెడ్డు గోడలోని గూటి ముందు నిలబడి ఉంది. గూట్లో కాగితం మీద సగం కొరికిన బెల్లంముక్క, దాని మీద మీగడ రంగులో బొటనవేలి ముద్ర.